పంటిలోన సలుపా, పంటిలోన పోటా?

భీమవరం మనవడు:
అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒక పద్యపాదం బుర్ర తినేస్తోంది. వేమన ‘చెప్పులోన రాయి’ పద్యంలో రెండో పాదం మనందరికీ ‘కంటిలోన నలుసు కాలి ముల్లు’. మా నాయనమ్మ మాత్రం ‘పంటిలోన ... కంటి నలుసు’ అనేది. అర్ధరాత్రి మంచం మీద లేచి కూర్చుని, దవడన లవంగం పెట్టుకుని, చెంప పట్టుకుని అనేది. ఆ ఖాళీలో సలుపా, పోటా? రెండూ ఆవిడ గొంతుతోనే వినిపిస్తున్నాయి. ఎవరింట్లోనైనా ఈ పాఠం ఉందా?

ఆటవెలది:
అది పాఠం కాదు బాబూ, మరుపు. ‘కంటి’కి ‘కాలి’ యతి. ‘పంటి’ అని ఎత్తుకుంటే యతి పోయినట్టే.

పాలకొల్లు మాస్టారు:
ఆవిడ కాలి ముల్లు అనలేదు కదండీ, కంటి నలుసు అంది. పంటి, కంటి: ప్రాసయతి, అంటే మొదటి అక్షరం బదులు రెండో అక్షరం కలవడం. ఆటవెలది పద్యానికి చెల్లుతుంది. పంటి, లోన, సలుపు, కంటి, నలుసు, అయిదూ సూర్యగణాలే. సలుపు నగణం (మూడు లఘువులు), పోటు హగణం (గురువు, లఘువు). రెండూ చక్కగా ఇముడుతాయి. ఛందస్సుతో ఇది తేలదు.

ఆటవెలది:
ప్రాసయతి ఒప్పుకుంటున్నాను. అయితే అర్థం చూద్దాం. పోటు పొడుచు నుంచి వచ్చింది. కత్తిపోటు, వెన్నుపోటు. దిగడం, అయిపోవడం. మనిషిని తెల్లారేదాకా కూర్చోబెట్టేది సలుపు. గోరుచుట్టు సలుపుతుంది, కురుపు సలుపుతుంది.

విజయనగరం:
మరి తలపోటు? అది దిగి అయిపోతుందా? ఆటుపోట్లలో పోటు చూడండి, పొంగుకొచ్చేది. పంటిపోటు ఆ పోటే. ఈ మాట ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను.

హన్మకొండ పండ్ల డాక్టర్:
మాస్టారూ, నా దగ్గరికొచ్చేటోళ్ళు ఏ మాట వాడిన్రో దాన్ని బట్టే నాకు సగం సంగతి తెలుస్తది. ‘ఐస్ నీళ్ళు తాగితే జివ్వుమంటాంది’ అంటే, పంటి పైపెంకు కింది డెంటిన్‌ల కంటికి కానరాని గొట్టాలుంటయి, చదరపు మిల్లీమీటరుకు వేలల్ల. చల్లదనానికి వాటిల ద్రవం కదులుతది, ఏ-డెల్టా అనే వేగమైన నరాలు టక్కున స్పందిస్తయి. స్వీడన్‌ల బ్రాన్‌స్ట్రామ్ 1960లల్ల ప్రయోగాలతోని నిలబెట్టిన మాట ఇది. నీళ్ళు మింగినంక కాసేపట్ల పోతది. ‘రాత్రంత సలుపుతాంది, పండుకుంటే ఇంక ఎక్కువైతాంది’ అంటే, పంటి లోపలి గుజ్జు వాచింది, సీ-నరాలు లేచినయి. సెకనుకు రెండు మీటర్లు కూడ దాటని నిదానపు నరాలు. గుజ్జు చుట్టూ గట్టి గోడ, వాపుకు తోవ లేదు. గుండె కొట్టుకున్నప్పుడల్ల అక్కడ కొడ్తది. నడిరాత్రి లేచి కూసున్నదంటే నా ఓటు సలుపుకే.

ఆటవెలది:
అమ్మా, ‘ఇంటిలోన పోరు ఇంతింత గాదయా’ అన్నాడు వేమన. పోరు కొలతకి అందదనేగా. నరం ఎంత స్పందిస్తే నొప్పి అంత అని చెప్పగలమా?

హన్మకొండ పండ్ల డాక్టర్:
చాలావరకు చెప్పొచ్చు సార్. 1980లల్ల స్వీడన్‌లనే మనుషుల పండ్లకు ఎలక్ట్రోడ్లు పెట్టి, నరాల స్పందన ఒకపక్క, మనిషి చెప్పే నొప్పి ఒకపక్క రాసిన్రు. ఒకటి పెరిగితే రెండోది పెరిగింది. కాని పంటికి సన్నంగ కరెంటు ఇస్తే ముందుగాల వచ్చేది నొప్పి కాదు, ఉత్త జివ్వు. కరెంటు పెంచితేనే నొప్పి. నరం పలికింది, నొప్పి ఇంక పుట్టలే. ఆ నడిమి ముచ్చటకు మన భాషల వేరే మాట ఉన్నందుకు నాకు మస్తు సంతోషం.

పాలకొల్లు మాస్టారు:
వేమన అన్నారు కాబట్టి ఒక మాట. ఆయన పద్యాలు నోళ్ళలో బతికాయి. బ్రౌన్ దొర రాతప్రతులు పోగేసి 1829లో అచ్చువేసే నాటికే పాఠభేదాలు బోలెడు. నాయనమ్మ పాఠాన్ని మరుపు అని తోసేయకండి. ఈ పద్యంలో నాకు ప్రాణం ‘లోన’. చెప్పులోన, చెవిలోన, కంటిలోన, ఇంటిలోన. కాలి ముల్లుకి మాత్రం లోన లేదు, అది పైకి కనిపిస్తుంది. ఆవిడ కంటికున్న ‘లోన’ తీసి పంటికిచ్చింది. కంట్లో నలుసు పక్కవాళ్ళు రెప్ప ఎత్తి చూడగలరు. పంటి సలుపు ఎవరు చూస్తారు?

విజయనగరం:
సలుపు అని మీరే నిర్ణయించేశారా?

భీమవరం మనవడు:
మా బాబాయికి ఫోన్ చేశాను. ఆయనకి గుర్తున్నది ‘పోటు’. ఇంకో సంగతీ చెప్పాడు: ఆవిడ పట్టుకునేది చెంప కాదట, చెవి.

హన్మకొండ పండ్ల డాక్టర్:
కింది దవడ పన్నయితే చెవిలకు కొడ్తది తమ్ముడూ. పంటి నరం, చెవి దగ్గరి నరం ఒకే పెద్ద నరం కొమ్మలు. చెవే నొస్తున్నదనుకొని ముందు చెవి డాక్టర్ దగ్గరికి పోయేటోళ్ళు ఎందరో.

పాలకొల్లు మాస్టారు:
అయితే ‘చెవిలోన జోరీగ’ వెంటనే ‘పంటిలోన’ రావడం ఎంత బాగుంది!

విజయనగరం:
జోరీగ దాకా వచ్చారు కాబట్టి అడుగుతున్నాను. అది పశువుల్ని కుట్టే పెద్ద ఈగ. చెవిలో ఎలా పడుతుంది? ‘చెవి కాడ’ అని ఉండేదేమో.

ఆటవెలది:
‘చెవి కాడ జోరీగ’ గణానికి సరిపోతుంది. కానీ మాస్టారి ‘లోన’ ఒకటి పోతుంది, నేను ఒప్పుకోను.