2024 ఆల్బమ్‌లు: మెటల్ పక్కన పాప్ పెట్టి వరస కట్టొచ్చా?

మూడులాంతర్ల బేస్:
విజయనగరంలో ఒక ఆర్కెస్ట్రాకి బేస్ గిటారు వాయిస్తాను, పద్నాలుగేళ్లుగా. పెళ్లి రిసెప్షన్లు, చవితి పందిళ్లు, అమ్మవారి సంబరాలు, ఎక్కడ స్టేజి వేస్తే అక్కడ. ఇంటికొస్తే మాత్రం వినేది ఎక్కువగా మెటల్, అంటే గిటార్లు, డ్రమ్ములు ఉరిమే బరువైన రాక్. ఏటా డిసెంబరులో ఆ ఏడు నచ్చిన ఆల్బమ్‌లు నోటుపుస్తకంలో రాసుకోవడం అలవాటు. ఈసారి ఆ పేజీ చూసి మా డ్రమ్మరు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

నా వరస ఇది. మొదట పాప్ గాయని బిల్లీ ఐలిష్ 'హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్'. తర్వాత మూడు మెటల్ ఆల్బమ్‌లు: బ్లడ్ ఇన్‌కాంటేషన్ 'అబ్సల్యూట్ ఎల్స్‌వేర్', ఓపెత్ 'ద లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్', పాపీ 'నెగటివ్ స్పేసెస్'. ఐదోది మళ్లీ పాప్, చార్లీ ఎక్స్‌సిఎక్స్ 'బ్రాట్'. పాత మెటల్ బ్యాండు జూడాస్ ప్రీస్ట్ 'ఇన్విన్సిబుల్ షీల్డ్' ఈ అయిదింట్లోకి రాలేదని నాకే బాధగా ఉంది. డెబ్బై దాటిన వాళ్ల గాయకుడు రాబ్ హాల్‌ఫర్డ్ గొంతు ఇంకా అంత ఎత్తున నిలబడుతుంటే ఆల్బమ్ అయిపోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

గొడవంతా ఒకటో స్థానం గురించే. మెటల్ ఎరిగినవాడు పాప్‌ని నెత్తిన పెట్టుకోవడమేమిటని. నేను వాయించేవాణ్ణి కాబట్టి చేత్తోనే చెబుతాను. బిల్లీ ఆల్బమ్‌లో మూడో పాట ఉంది. అందులో బేస్ ఒకే చిన్న ముక్కని తిప్పుతూ పోతుంది, దాని చుట్టూ సింథ్, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డు, నెమ్మదిగా పెరుగుతుంది. ఆ ముక్క పట్టుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టింది. అయిదు నిమిషాల పాటు వేలు తొందరపడకుండా, ఒక్క అలంకారం కూడా వెయ్యకుండా, ప్రతి దెబ్బా ఒకే బరువుతో వాయించడానికి మూడు వారాలు పట్టింది. పద్నాలుగేళ్లలో ఏ మెటల్ పాటా నా చేతిని అలా పరీక్షించలేదు.

నాగావళి డబుల్ పెడల్:
అన్నా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, ఇది అన్యాయం. నేను శ్రీకాకుళంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. డ్రమ్స్ మొదలుపెట్టి అయిదేళ్లు. ఓపెత్ ఆల్బమ్ సంగతి చూడండి. మొదటి ఏడు పాటలకి పేర్లే లేవు, వీలునామాలో సెక్షన్లలాగ నంబర్లే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో ఒక ఇంటిపెద్ద చనిపోతే వీలునామా చదువుతుంటారు, కథంతా అదే. 2008 ఆల్బమ్ తర్వాత మానేసిన, గర్జించినట్టు పాడే గ్రౌల్‌ని వాళ్ల గాయకుడు మైకేల్ ఓకర్‌ఫెల్ట్ ఇందులోకి మళ్లీ తెచ్చాడు. జెత్రో టల్ అనే పాత రాక్ బ్యాండు నుంచి ఇయాన్ ఆండర్సన్ వచ్చి వేణువు ఊదాడు. ఒక్క పాటలోనే తాళం ఎన్నిసార్లు మారుతుందో లెక్కపెడుతూ నేను దారి తప్పిపోయాను. సగం పాట కూడా నాకు ఇంకా పట్టు చిక్కలేదు.

దాని పక్కన, బిల్లీ, ఆమె అన్న ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చేసుకున్న పాటలు పెట్టి ఇది పైన, అది కింద అంటే ఎలా? కష్టానికి లెక్క ఉండొద్దా? జాబితా పెట్టొద్దనడం లేదు. రెండు జాబితాలు పెట్టండి. మెటల్‌కి ఒకటి, పాప్‌కి ఒకటి. ఒకే తక్కెడలో తూచడమే తప్పంటున్నాను.

కోట వయొలిన్:
ఇద్దరికీ నమస్కారం. నేను మన విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. బిల్లీ, ఓపెత్ రెండూ ఈ చర్చ చూశాకే విన్నాను, అది ముందే చెప్పేస్తున్నాను.

డ్రమ్ములు వాయించే తమ్ముడికి ఒక మాట. 1919లో ఆ కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులతో, రెండు కాళ్లతో వేర్వేరు తాళాలు వేసేవారని ఆయనకు పేరు. మరి ఆ లయ పాండిత్యమంతా ఆయన ఎక్కడ పెట్టారు? హరికథలో. పల్లెటూరి జనం తెల్లవార్లూ కూర్చుని, నవ్వి, ఏడ్చి లేచివెళ్లే హరికథలో. కష్టమైన విద్య, అందరికీ అందే పాట వేర్వేరు గదుల్లో ఉండాలన్న నియమం మన ఊళ్లో ఎప్పుడూ లేదు.

కచేరీ తీసుకోండి. వర్ణంతో మొదలై, రాగం తానం పల్లవి నడిచి, చివర తేలికైన జావళీ, తిల్లానా వస్తాయి. అన్నీ ఒకే మనిషి, ఒకే వేదిక మీద. మా గురువుగారు జావళీకి నన్ను ఎక్కువ కోప్పడేవారు. పల్లవిలో తప్పు స్వరాల గుంపులో దాక్కుంటుందమ్మా, జావళీలో ఎక్కడికి పోతుంది అనేవారు. మూడో పాట గురించి మూడులాంతర్ల వారు రాసింది చదివితే ఆ మాటే గుర్తొచ్చింది.

గ్రౌల్ గురించి కూడా చెప్పాలి. మొదటిసారి విని చెవులు మూసుకున్నాను. రెండోసారి తప్పెటగుళ్లు గుర్తొచ్చాయి. గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో ఇరవై మంది ఒకేసారి గెంతుతూ వాయిస్తే పక్కన నిలబడ్డవాళ్లకి మాట వినపడదు. ఒంట్లోకి దిగుతుంది ఆ మోత. ఈ చెవికి అది కొత్తేమీ కాదు.

నాగావళి డబుల్ పెడల్:
మేడం, నారాయణదాసుగారి సంగతి నాకు తెలీదు, చెప్పినందుకు సంతోషం. కానీ కచేరీ పోలిక నా వైపే వస్తుంది. జావళీ చివర్లోనే ఎందుకొస్తుంది? ప్రధాన భాగం అయిపోయింది కాబట్టి. ఎంత బాగా పాడినా జావళీని పల్లవి పైన పెట్టి ఎవరూ వరస కట్టరు. అన్న చేసింది అదే కదా?

ఆమదాలవలస రోడ్:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మనం గోడ కడుతున్న చోట ఆ పాటలు కట్టేవాళ్లు ఎప్పుడో తలుపు తీసేశారు. ముప్పై ఏళ్లుగా పెద్ద పెద్ద పాప్ హిట్లు కట్టిన స్వీడన్ నిర్మాత మ్యాక్స్ మార్టిన్ మొదట పాడింది ఇట్స్ అలైవ్ అనే మెటల్ బ్యాండులో. పాపీ పాప్ నుంచి మెటల్‌కి నడిచొచ్చింది. 2024 జులై 26న పారిస్ ఒలింపిక్స్ ప్రారంభంలో గోజిరా అనే మెటల్ బ్యాండు ఒక ఒపేరా గాయనితో కలిసి వాయించింది. లోకమంతా టీవీలో చూసింది.

గొల్లపల్లి పనస:
నాది బొబ్బిలి దగ్గర. మా ఇంట్లో వీణలు సెక్కుతారు, నాను కూడా సెక్కుతాను. మెటలంటే ఏటో మా అబ్బాయి ఇనిపిస్తే ఇన్నాను. మీ తగువు పొద్దున్నించీ సదువుతున్నాను, నాకు తోచింది సెప్తాను.

బొబ్బిలి వీణ ఒక్క పనస దుంగలోంచి వస్తాది. కుండ, పొడుగాటి దండి అన్నీ ఒకే మానులోవి, ఎక్కడా అతుకుండదు. ఏకాండి వీణ అంటాం. దుంగ కోసినప్పుడే లోపల పగులుంటే ఆ వీణ పలకదు, పైన ఎంత నగిషీ సెక్కినా. కుండ మీద మీటితే ఆ అదురు మెట్ల మీంచి దండి సివరిదాకా ఎల్లాలి. నాను సెయ్యి పెట్టి సూస్తాను, అక్కడిదాకా వస్తందా లేదా అని.

బాబులూ, మీరు పాట బలమెంతో, సులువెంతో కొలుస్తన్నారు. ఆల్బమంటే ఓ పది పాటలు కదా. మొదటి పాట మీటితే ఆకరి పాటదాకా అదురు ఎల్తందా? దుంగ ఒకటేనా, నాలుగు ముక్కలు జిగురెట్టి అతికారా? అది సూడండి. పనస కర్రైతే ఏటి, మరో కర్రైతే ఏటి, పలికితే వీణే.

మూడులాంతర్ల బేస్:
గొల్లపల్లి మావయ్యా, దండం. వారం నుంచి నోట్లో నానుతూ బయటికి రాని మాట మీరు అనేశారు.

తమ్ముడూ, ఇలా చూడు. బ్లడ్ ఇన్‌కాంటేషన్ ఆల్బమ్‌లో ఉన్నవి రెండే పాటలు, ఒక్కోటి మూడు భాగాలు, ఒక్కోటి ఇరవై నిమిషాల పైన. బెర్లిన్ హన్సా స్టూడియోలో చేశారు. డెత్ మెటల్ ఉరుము మధ్యలో ఆగిపోయి, టాంజరీన్ డ్రీమ్ అనే ఎలక్ట్రానిక్ బృందం నుంచి వచ్చిన మనిషి సింథ్‌తో ఒక ఖాళీ మైదానం తెరుస్తాడు. మళ్లీ ఉరుము వచ్చేసరికి అది మొదటి ఉరుములా ఉండదు. మధ్యలోంచి ఒక ముక్క కోసి వినిపించమంటే నావల్ల కాదు. పైడితల్లమ్మ పండగ రోజుల్లో, ప్రోగ్రాములన్నీ అయ్యాక, రాత్రి రెండింటికి మేడ మీద పడుకుని మొదటిసారి విన్నాను. కింద జనం ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

బిల్లీ ఆల్బమ్ కూడా అంతే. పది పాటలు, నిడివి కూడా దాదాపు అంతే, 44 నిమిషాలు. మే 17న విడుదలయ్యేదాకా ఒక్క పాట కూడా విడిగా వదల్లేదు. ఒకేసారి మొత్తం వినాలన్నది ఆమె కోరిక. ఇవాళ్టి పాప్‌లో అదెంత సాహసమో పాటకి ముప్పై సెకన్ల ముక్క అడిగే రోజుల్లో స్టేజి ఎక్కేవాళ్లకి తెలుసు. నెమ్మదిగా సాగే ఏడో పాట చివర్లో హఠాత్తుగా డాన్సు పాటగా మారిపోతుంది. ఆఖరి పాటలోకి వెనకటి పాటల నీడలు వచ్చి కూర్చుంటాయి. ఈ రెండింటికీ దుంగ ఒకటే.

నిజాయితీగా చెప్పాలంటే ఈ కొలతతో 'బ్రాట్' నిలబడదు. విడివిడి పాటలుగా మెరుస్తుంది, మొత్తంగా దండి చివర అదురు అందదు. దాన్ని తీసి ప్రీస్ట్‌ని తెస్తున్నాను.

కోట వయొలిన్:
తొందరపడకండి. అతుకు వీణలు కూడా కచేరీల్లో హాయిగా పలుకుతున్నాయి. 'బ్రాట్' ఇప్పుడే విన్నాను. ఆ గరుకుతనం, కావాలని మెరుగు పెట్టకపోవడం ఆల్బమంతా ఒకేలా ఉంది. ఒక పాటలో గర్వంగా ఊగిపోతుంది, ఇంకో పాటలో తోటి గాయని గురించి తన మనసులోని కుదురులేనితనం బయటపెట్టుకుంటుంది. ఆ రెండూ పక్కపక్కన ఉండబట్టే ఒకదాన్ని ఒకటి మోస్తున్నాయి. అతుకు కనపడుతోంది, నిజమే. పలుకు ఆగట్లేదు. నా మాటగా దాన్ని అక్కడే ఉంచండి.

గొల్లపల్లి పనస:
అతుకు వీణ పలకదని నానన్లేదమ్మా. జిగురు మంచిదైతే పలుకుద్ది. తేడా వాయించినోడి సెయ్యికే తెలస్తాది.

నాగావళి డబుల్ పెడల్:
నిన్న రాత్రి శ్రీకాకుళం నుంచి విజయనగరం బస్సులో బిల్లీ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను, ఫోన్ జేబులోంచి తియ్యకుండా. మూడో పాటలో డ్రమ్ముల మీద చెవి పెట్టాను. నేనైతే కనీసం నాలుగు చోట్ల రోల్, అంటే గబగబా దెబ్బల వరస, వేసేవాణ్ణి. అక్కడ ఏమీ లేదు. ఆ నాలుగు చోట్లా బేస్ ఒక్కటే వినపడింది.

ఒకటో స్థానం మాత్రం ఇంకా ఒప్పుకోను అన్నా. దుంగ ఒకటే అయితే ఓపెత్ కూడా ఒకే దుంగ, వీలునామా మొదటి సెక్షన్ నుంచి ఆఖరిదాకా. పైగా ఆ దుంగ చెక్కడానికి పట్టిన చెయ్యి వేరు. రెండూ నిండుగా పలికినప్పుడు, ఎక్కువ కష్టంతో చెక్కినదే పైన ఉండాలి. మావయ్యగారు కూడా రెండు వీణలు సమానంగా పలికితే నగిషీ ఎక్కువున్నదానికే ఎక్కువ ధర చెప్తారు కదా?

గొల్లపల్లి పనస:
ధర సెప్తాను బాబూ. ఇంట్లో ఉంచుకోమంటే ఏది ఉంచుకుంటానో అది వేరు.

మూడులాంతర్ల బేస్:
తమ్ముడూ, ఓపెత్‌ని రెండోకి తెచ్చాను, బ్లడ్ ఇన్‌కాంటేషన్ మూడుకి వెళ్లింది. నీ మాటలో బలముంది, వారం రోజులు మళ్లీ విని చూశాను. ఒకటి మారదు. మేడం మాట మీద 'బ్రాట్' అయిదులోనే ఉంది, ప్రీస్ట్ ఆరో నంబరుగా పేజీ కింద రాసుకున్నాను.

ఆదివారం మా రిహార్సలు గంటస్తంభం దగ్గరే. డబుల్ పెడల్ తీసుకుని రా. ముందు ఆ మూడో పాట వాయిద్దాం, రోల్ వెయ్యకుండా. తర్వాత నీ ఓపెత్ సెక్షన్‌లో నువ్వు ఎంతవరకు పట్టుకున్నావో అంతవరకు నేను బేస్ పడతాను.