అమ్మానాన్నలతో బాత్‌లో రెండు రోజులు: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

పెరుగన్నం:
మేముండేది ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి నెలైంది. ఈ శని, ఆదివారాలు బాత్ అనే ఊరు తీసుకెళ్దామనుకుంటున్నా. అమ్మకి మోకాళ్ల నొప్పులు. "వేడినీళ్ల గుండమట కదా, స్నానం చేయనిస్తారా?" అని రోజూ అడుగుతోంది.

ఓరుగల్లు_బాబాయ్:
చేయనివ్వరు తమ్ముడూ. రోమన్ల కాలం నాటి ఆ స్నానశాల, రోమన్ బాత్స్‌లో దిగడం మాట అటుంచు, నీళ్లు ముట్టుకోవద్దని కూడా చెబుతారు. 1978లో అక్కడ ఈదిన ఒక పాప ఆ నీళ్లలోని అమీబా సోకి చనిపోయింది. దాంతో స్నానాలు ఆపేశారు. స్నానమే కావాలంటే దగ్గర్లోనే థెర్మే బాత్ స్పా ఉంది, 2006లో తెరిచారు. అవే వేడినీళ్లు, శుద్ధి చేసి వదులుతారు. మేడ మీద కొలనులో మెడదాకా మునిగి ఊరంతా చూడొచ్చు. కానీ ఈత బట్టలు వేసుకోవాలి. ఆ మాట వినగానే మా అమ్మ "నేను రాను, మీరు పోండి" అంది. పదహారేళ్లలోపు పిల్లల్ని అక్కడికి రానివ్వరు, అదీ చూసుకో.

ములక్కాడ:
నన్నడిగితే రెండు రోజులు దండగ. లండన్ పాడింగ్టన్‌లో రైలెక్కితే గంటన్నరలోపే బాత్, నీకైతే ఇంకా దగ్గర. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయొచ్చు. స్టేషన్ నుంచి అన్నీ నడక దూరమే.

చింతచిగురు:
"నడక దూరమే" అనేది మనలాంటివాళ్లకి. మోకాళ్ల నొప్పులుంటే రాయల్ క్రెసెంట్‌కి ఎక్కే ఆ ఎత్తు మామూలుగా ఉండదు. పైదాకా టాక్సీలో వెళ్లి, నెమ్మదిగా కిందికి నడిచి రండి. చంద్రవంకలా వంగిన 30 ఇళ్ల వరస అది, 1774కి పూర్తయింది. ముందు పచ్చిక ఒకటే మైదానంలా ఉంటుంది కానీ మధ్యలో కందకంలాంటి గోడ దాగి ఉంది. పై భాగం ఆ ఇళ్లవాళ్లది, కింది భాగం జనానిది. మేం కింద కూర్చుని పులిహోర డబ్బా విప్పాం. ఎవరూ ఏమీ అనలేదు.

హోటల్ విషయంలో జాగ్రత్త. పాత బిల్డింగులు చూడ్డానికి బాగుంటాయి, లిఫ్ట్ ఉండదు. మేం అడగకుండా బుక్ చేసి సూట్‌కేసులు మూడంతస్తులు మోశాం.

ఓరుగల్లు_బాబాయ్:
నిజమే, రాత్రి ఉంటేనే ఆ ఊరి అందం తెలుస్తుంది. బస్సుల్లో వచ్చిన జనం సాయంత్రానికి వెళ్లిపోతారు. అప్పుడు పుల్టెనీ వంతెన మీద నిలబడండి. వంతెనకి రెండు వైపులా దుకాణాలే, నది మీద ఉన్నామనే తెలియదు.

ఇంకోటి. రోమన్ బాత్స్ మ్యూజియంలో సీసపు రేకులు వదలొద్దు. రోమన్ల కాలంలో జనం సులిస్ మినర్వా దేవతకి రాసుకున్న శాపనార్థాలు. డొకిమెడిస్ అని ఒకాయన రెండు చేతి తొడుగులు పోయాయట. దొంగకి మతి పోవాలి, కళ్లు పోవాలి అని మొక్కుకున్నాడు. తొడుగులకే!

పెరుగన్నం:
వెళ్లొచ్చాం. ఒక రాత్రి ఉన్నాం. టాక్సీ సలహాకి చింతచిగురు గారికి దండం.

రోమన్ బాత్స్‌లో రాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నాయి, అమ్మ చెయ్యి వదల్లేదు. పచ్చటి నీళ్లు, దిగడానికి మెట్లు, పైకి ఆవిరి. "అచ్చం మన కోనేరే, పాచి కూడా" అంది. రోజుకి పదకొండు లక్షల లీటర్లకు పైగా, 46 డిగ్రీల వేడితో ఊరుతుందని చెబితే నాన్న నమ్మలేదు, పొంగి పారే కాలువ దగ్గర ఆవిరి చూశాకే తలూపారు.

చివర్లో తాగడానికి శుద్ధి చేసిన ఊట నీళ్ల కుళాయి ఉంది. గోరువెచ్చగా, ఇనుము నాకినట్టుంది. నేను ఒక గుక్కకే కప్పు పక్కన పెట్టేశాను. అమ్మ మాత్రం చెప్పులు విడిచి, కుడి అరచేతిలో పోయించుకుని మూడుసార్లు తాగి, మిగిలిన తడి తలకి రాసుకుంది. నాన్న ఇంటికొచ్చాక కూడా ఆ తొడుగులాయన గురించే మాట్లాడుతున్నారు. గుడి ముందు పోయిన తన చెప్పుల లెక్క తీశారు.