సిరామిక్ తుంటి, తొమ్మిదో ఏడు: లోపల కరకర. ఎక్స్‌రే బాగుందంటున్నారు, ఆగొచ్చా?

కుడితుంటి_46
అందరికీ నమస్కారం. ఏవీఎన్ (రక్తం అందక ఎముక చచ్చుబడే జబ్బు) వచ్చి కుడి తుంటి పాడైతే తొమ్మిదేళ్ల కింద కీలు మార్పించుకున్నాను. బాలూ, అది తిరిగే గిన్నె లాంటి లైనరూ రెండూ సిరామిక్కే. ఇన్నేళ్లూ అది నా ఒంట్లో ఉందన్న సంగతే మర్చిపోయాను.

మూడు వారాల కింద కారు దిగుతూ కాలు బయటపెట్టగానే లోపల టక్‌మంది. నొప్పేమీ లేదు. మర్నాటి నుంచి మెట్లెక్కితే ఇసుక నమిలినట్టు కరకర. పక్కన నిలబడితే మా ఆవిడకీ వినిపిస్తోంది. ఎక్స్‌రే తీసి "అన్నీ వాటి చోట్లోనే ఉన్నాయి, మూడు నెలలాగి రండి" అన్నారు. నొప్పి లేదు కాబట్టి ఆగుదామని నా ఉద్దేశం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నిదానం
నాది ఎనిమిదేళ్లుగా కిర్రుమంటూనే ఉందండి. వంగి లేస్తే చాలు, తలుపు తీసినట్టు. ఏమీ కాలేదు. కంగారు పడకండి.

పగిలినోడు
నిదానం గారూ, మీది కిర్రు, ఆయనది కరకర. రెండూ ఒకటి కావు. రెండు నున్నటి సిరామిక్ ముఖాల మధ్య తడి పొర తెగినా, లైనర్‌ని పట్టి ఉంచే మెటల్ కప్పు ఏటవాలుగా కూర్చుని బాల్ దాని అంచు మీద ఒరిసినా కిర్రుమంటుంది. దాంతో ఏళ్ల తరబడి హాయిగా తిరిగేవాళ్లున్నారు. ఇసుక అన్నారే, ఆ మాటకి నాకు ఒళ్లు జలదరించింది. నేనూ మొదట డాక్టరుతో అన్నది అదే మాట.

నాది పాతరకం సిరామిక్, అల్యూమినా అంటారు, దంతం రంగు, 28 మి.మీ. బాల్. పదకొండో ఏట పోయింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. బూటు లేసు కట్టుకుందామని వంగాను, అంతే. నాకూ నొప్పి లేదు, అందుకే ఆరు వారాలు నడిచాను. నేను చేసిన తప్పల్లా ఆ ఆరు వారాలే. ఆ కీలులో సిరామిక్ ముక్కను మించి గట్టిది ఇంకోటి లేదు. అడుగు వేసిన ప్రతిసారీ తిరగలి తిప్పినట్టే. బాల్ కూర్చునే టైటానియం కొమ్ము ఒకవైపు చెక్కేసినట్టు అరిగింది, చుట్టూ కండ నల్లబడింది. ఆరు వారాల ముందు తెరిచి ఉంటే బాలూ లైనరూ మార్చి కుట్టేసేవాళ్లు. ఆలస్యం చేసినందుకు తొడ ఎముకలోకి దిగి ఉండే కాడ, స్టెమ్ అంటారే, అది కూడా పీకాల్సి వచ్చింది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. మొదట చూసిన సర్జన్ "సిరామిక్ పగిలింది కదా, ఈసారి పగలని మెటల్ బాల్ వేసి కింద ప్లాస్టిక్ లైనర్ పెడదాం" అన్నాడు. నాకు న్యాయంగానే తోచింది. పగిలిందాన్నే మళ్లీ ఎవడు పెట్టించుకుంటాడు? తేదీ కూడా ఇచ్చేశారు. మా బావమరిది పోరితే ఇంకొకాయనకి చూపించాను. ఆయన ఎక్స్‌రే పక్కనపెట్టి కాగితం మీద బొమ్మ గీశాడు. ఎంత కడిగినా, కీలు లోపలి పొర ఎంత ఒలిచినా సిరామిక్ పొడి కాస్తో కూస్తో మిగులుతుంది. ఆ రేణువులు ప్లాస్టిక్‌లో దిగబడితే లైనర్ కాస్తా గరుకు కాగితం అవుతుంది. దాని మీద మెటల్ బాల్, అంటే కోబాల్ట్ క్రోమియం బాల్, తిరిగితే అరిగేది బాలే, కోబాల్టంతా రక్తంలోకే. జర్మనీలో మార్బర్గ్ డాక్టర్లు 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన కేసు చెప్పాడు. సిరామిక్ పగిలాక మెటల్ బాల్ వేయించుకున్న 55 ఏళ్ల మనిషి. గుండె నీరసించింది, థైరాయిడ్ మందగించింది, చూపూ వినికిడీ దాదాపు పోయాయి. తుంటి మీద అనుమానం చివరికెప్పుడో వచ్చింది.

అందుకని నాకు మళ్లీ సిరామిక్కే వేశారు, కొత్త రకం, గులాబీ రంగుది. ఇది పగలదట లెండి.

మీ డిశ్చార్జి సమ్మరీలో ఇంప్లాంట్ స్టిక్కర్లు అంటించి ఉంటాయి. రకం, సైజు, లాట్ నంబరు అన్నీ వాటి మీదే. పారేసి ఉంటే ఆసుపత్రి రికార్డుల్లో అడగండి. లాట్ నంబరుతో పనేంటనుకోకండి. జిర్కోనియా (ఇంకో రకం సిరామిక్) బాల్స్ చేసే ఒక ఫ్రెంచి కంపెనీ 1998లో కాల్చే బట్టీ మార్చింది. ఒకేసారి నింపి కాల్చే బట్టీ తీసేసి సొరంగం బట్టీ పెట్టారు. ఆ బట్టీలోంచి వచ్చిన కొన్ని లాట్లు మనుషుల ఒంట్లో టపటపా పగిలిపోతుంటే 2001లో వెనక్కి పిలిచారు. బయటికి చూస్తే అన్నీ ఒకేలా మెరిసే బాల్సే.

ఆర్థో_పీజీ
పగిలినోడు గారు చెప్పినదాంట్లో ఒక్కటి సరిచేస్తాను. గులాబీది పగలదు అనడం ఎక్కువ. అది అల్యూమినాలో జిర్కోనియా కలిపిన మిశ్రమం. రంగు క్రోమియం ఆక్సైడ్ వల్ల. బీట మొదలైన చోట జిర్కోనియా గింజలు ఉబ్బి బీటను నొక్కేస్తాయి. బాల్ విషయంలో దీని ఫలితం బాగా కనపడింది. ఇంగ్లండ్, వేల్స్ కీళ్ల రిజిస్ట్రీ లెక్కలతో 2017లో వచ్చిన పేపర్లో పాతరకం బాల్స్ 0.119 శాతం పగిలితే, కొత్తవి 0.009 శాతం, అంటే పదివేలకు ఒకటి. లైనర్ల దగ్గర మాత్రం తేడా రాలేదు: పాతవి 0.112, కొత్తవి 0.126. లైనర్ పలచన, పైగా ఆపరేషన్లో కప్పులోకి కొట్టేటప్పుడు వెంట్రుకవాసి వంకరగా కూర్చున్నా ఎప్పుడో అంచు లేచిపోతుంది.

కుడితుంటి గారూ, బాల్ ముక్కలైతే ఎక్స్‌రేలో తెలుస్తుంది. లైనర్ అంచు చిట్లితే మెటల్ కప్పు నీడలో కనపడదు. సీటీ స్కాన్ అడగండి, మూడు నెలలాగి కాదు, ఈ వారమే. అందాకా చంకకర్రలు వాడండి, ఆ కాలి మీద బరువు మోపొద్దు.

రివిజన్ దాకా, అంటే కీలు మళ్లీ మార్చే ఆపరేషన్ దాకా వస్తే ఇంకోటి. పాత కొమ్ము మీద కొత్త సిరామిక్ బాల్ నేరుగా పెట్టకూడదు. కొమ్ము మీద గీత ఉంటే ఒత్తిడంతా ఆ గీత దగ్గరే చేరి బాల్ లోపల్నుంచి చీలుతుంది. మధ్యలో టైటానియం స్లీవ్ (తొడుగు) ఉండే బాల్స్ ఇందుకే వచ్చాయి. గీతలు దాటి కొమ్ము రూపమే చెడితే స్లీవ్ కూడా పనికిరాదు, పగిలినోడు గారికి స్టెమ్ తీసింది అందుకే.

పగిలినోడు
సరే డాక్టరు గారూ, ఒప్పుకున్నాను. "పగలదట" అన్నది నా ధైర్యం కోసం.

కుడితుంటి_46
ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. సీటీ అయింది. లైనర్ పైఅంచు గోరంత మేర లేచిపోయింది, ముక్క కప్పు వెనకాల ఉంది. బాల్ నిక్షేపంగానే ఉంది కానీ మారుస్తారట. స్టిక్కరు దొరికింది, రెండూ గులాబీవే, 36 మి.మీ. మెటల్ బాల్ అంటారేమోనని భయపడుతూ వెళ్లాను. నేను నోరు తెరవకముందే స్లీవ్ ఉన్న సిరామిక్ తెప్పిస్తామన్నారు. వచ్చే గురువారం ఆపరేషన్.

పగిలినోడు
తీసిన ముక్కలు పారేయొద్దని ముందే చెప్పి ఉంచండి. ఎక్కడ మొదలై పగిలిందో ల్యాబులో చూస్తారు. నావి ఎటు పోయాయో ఇప్పటికీ తెలీదు.