ఇంగ్లిష్ దొరల వేట సినిమాల్ల ఆ కర్రలు పట్టుకున్నోళ్ళు ఎవరు?

దేవరకొండ పోరడు:
మొన్న ఆదివారం ఇంట్ల ద షూటింగ్ పార్టీ అని 1985 సినిమా పెట్టిన. కథ 1913లది, ఒక ముసలి దొర ఊర్ల ఉన్న తన బంగ్లాకు దోస్తులను పిలిచి పిట్టల వేట పెడ్తడు. మెల్లగ పోతుంటది, నేనైతే ఫోన్ చూసుకుంట కూసున్న. మా తాతకు ఇంగ్లిష్ ముక్క రాదు గని ఆయనే కుర్చీ ముందలికి జరుపుకొని చూసిండు. దొరలు తుపాకులు పట్టుకొని వరుసగ నిలబడుడు, అవుతల నుంచి ఊరోళ్ళు కర్రలతోటి చెట్లు కొట్టుకుంట వచ్చుడు, ఆ సీన్ రాంగనే "గిది వెట్టిరా, మా నాయిన గిట్లనే పోతుండె దొర ఎంబడి పొదలు తోలనీకి" అన్నడు. గింతల కరెంటు పోయింది, సగమే అయింది. నా డౌట్ ఏందంటే అక్కడ గూడ వెట్టేనా, పైసలిస్తుండెనా? ఒక్కొక్క దొరకు రెండు తుపాకులెందుకు?

పాలమూరు సినిమా పిచ్చి:
వాళ్ళను బీటర్స్ అంటరు బ్రో. కూలి ఇచ్చేటోళ్ళు, మధ్యాహ్నం తిండి గూడ. అసలు అది వేట అనుడే తప్పు, ఆ ఫెజంట్ పిట్టలను ఎస్టేటోళ్ళే కోళ్ళ లెక్క పెంచి అడవిల ఇడుస్తరు, దానికే గేమ్‌కీపర్ అని మనిషి ఉంటడు. అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా సీజన్. బీటర్లు తోలుకొస్తే పిట్టలు లేచి దొరల నెత్తి మీదికెళ్ళి పోతయి, ఒక తుపాకీ పేల్చంగనే వెనకున్నోడు నింపిన ఇంకోటి చేతిల పెడ్తడు. దొర నడిచేది లేదు, ఎతికేది లేదు.

మిర్యాలగూడ:
కూలి ఇస్తే వెట్టి కాదా అన్నా? ఉండే ఇల్లు ఎస్టేటుది, దున్నే భూమి ఎస్టేటుది, రేపు రానంటే ఏమైతదో వానికి తెల్వదా. కాకపోతే మన దిక్కు కూలి ముచ్చటే లేకుండె, పైనుంచి కోడి, నెయ్యి మనమే ఎదురిచ్చుకోవాలె, అది ఒప్పుకుంట. ఆ సినిమాల ఆఖరికి సచ్చేది గూడ బీటరే గదా, ఇద్దరు దొరలు ఎవరెక్కువ కొడ్తరని పోటీ పడి, ఒకడు గురి కిందికి దించి కాలుస్తడు.

దేవరకొండ పోరడు:
అన్నా నేనింక సగమే చూసిన అన్న గదా 😭

మిర్యాలగూడ:
సారీ తమ్మీ, నలబై ఏండ్ల సినిమా అని అనేసిన.

అచ్చంపేట నుంచి:
మా దిక్కు ఫరహాబాద్ అంటే నిజాం వేటకొచ్చే జాగనే, ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల ఉంది, జీపుల తీసుకపోతరు. మీ తాతకు గాస్ఫర్డ్ పార్క్ గూడ చూపియ్యిండ్రి, 2001ది, కథ 1932ల. అండ్ల గూడ ఫెజంట్ల వేట ఉంటది గని అసలు సినిమా మొత్తం పనోళ్ళ దిక్కు నుంచే నడుస్తది. చుట్టాల ఎంబడొచ్చిన పనోళ్ళను కింద వంటింట్ల వాళ్ళ దొర పేరుతోనే పిలుస్తరు, సొంత పేరు ఎవ్వరడగరు. నాకైతే అండ్ల అయ్యే హత్య కన్న అదే ఎక్కువ గుచ్చుకుంది. ఫలానా దొర జీతగాడు అనుడే గని మనోళ్ళ పేర్లు ఎవరు యాది పెట్టుకున్నరు.

దేవరకొండ పోరడు:
థ్యాంక్స్ అందరికి. పొద్దుగాల తాతను మళ్ళ అడిగిన. వాళ్ళ నాయినకు పిక్కల రెండు సీసం గుండ్లు ఉంటుండెనట, తోలుకుంట పోయినప్పుడు తాకినయి, ఎవ్వరు తియ్యలే. చిన్నగున్నప్పుడు తాత వేలు పెట్టి ఒత్తితే చర్మం కింద అటిటు జారుతుండెనట, ఆయనేమో నవ్వుకుంట కాలు చాపుతుండెనట. మిగిలిన సినిమా ఎప్పుడు పెడ్తవురా అని రెండుసార్లు అడిగిండు. బీటర్ సచ్చే ముచ్చట నేనింక చెప్పలే.