చిలకడదుంప ఆకులు దోనెల్లా ముడుచుకుపోతున్నాయి, ఏం మందు కొట్టాలి?

పద్మనాభం కుర్రాడు:
అందరికీ నమస్తే. పద్మనాభం ఊరి దగ్గర అరెకరంలో చిలకడదుంప వేశాం. నాటి నెల దాటింది. కొస ఆకుల అంచులు పైకి లేచి దోనెల్లా ముడుచుకుంటున్నాయి. ముదురు ఆకుల మీద ఊదారంగు ఉంగరాల్లాంటి మచ్చలు. తీగ పోయినేడాది మా చేలోంచి కత్తిరించిందే. మందుల కొట్లో ఆకు చూపిస్తే బూజుతెగులు మందు ఇచ్చాడు. కొట్టాం, డబ్బులు దండగ. వచ్చే పంటకి తీగ దీంట్లోంచే తీయాలి కాబట్టి టెన్షన్‌గా ఉంది.

భీమిలి రైతు:
ఆకు తిప్పి అడుగున చూడు. తెల్లదోమ ఉంటే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె కలిపి కొట్టు, తగ్గిపోద్ది.

ఆనందపురం అన్న:
దోమ తగ్గుద్ది తమ్ముడూ, ముడత తగ్గదు. అది ఆకుముడత వైరస్‌లా ఉంది, తెల్లదోమ మోసుకొస్తుంది. ఊదా ఉంగరాలు చూస్తే ఇంకో వైరస్ కూడా ఉన్నట్టే, దాన్ని పేనుబంక పురుగు తెస్తుంది. పేనుబంక ఆకుని ఒకసారి గుచ్చితే చాలు, నిమిషంలోపే అంటించేస్తుంది. మందు తగిలి అది చచ్చేలోపు జరగాల్సింది జరిగిపోతుంది. బూజు మందుకీ వైరస్‌కీ అసలు సంబంధమే లేదు. ఆ కొట్టాయనకి అమ్ముడైతే చాలు!

అసలు గొడవ తీగతోనే. ఏటా అదే చేలో తీగ కోసి నాటితే తల్లి రోగమంతా పిల్లకి వస్తుంది, ఏటికేడు పెరుగుతుంది. ఉగాండా వైపు ఆ పేనుబంక వైరస్‌కి తెల్లదోమ తెచ్చే వేరే వైరస్ తోడైతే సగానికి పైగా దిగుబడి పోతుంది.

ముడుచుకున్న మొక్కలు పీకెయ్. గట్టు మీది తూటితీగలు కూడా, అవీ ఈ జాతే. వచ్చే పంటకి తీగ కోయడానికి బాగున్నవాటికి గుర్తుగా ఇప్పుడే గుడ్డపీలికలు కట్టు, తీగలు అల్లుకున్నాక ఏది ఏదో తెలీదు. అయినా మచ్చ లేనంత మాత్రాన వైరస్ లేదని కాదు. తిరువనంతపురం శ్రీకార్యంలో కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ ఉంది, శ్రీభద్ర, భూసోనా వాళ్ళ రకాలే. అక్కణ్ణించి మంచి తీగ తెప్పించే దారి ఉందేమో మీ ఉద్యాన అధికారిని అడుగు.

పద్మనాభం కుర్రాడు:
థాంక్స్ అన్నా. పీకుదామంటే నాన్న ఒప్పుకోవట్లేదు. ఆ దుంప తినకూడదా అంటున్నారు.

ఆనందపురం అన్న:
వైరస్ వల్ల మనిషికి ఏమీ కాదని చెప్పు. దుంపే సన్నబడిపోతుంది. మొత్తం చేను పీకమనట్లేదు, బాగా ముడుచుకున్నవే. పీకింది గేదెలకి మాత్రం వెయ్యకండి, మందు కొట్టారు కదా. ఎండబెట్టి తగలెయ్యండి. గట్టు మీద పడేస్తే ఒక్క వానకి మళ్ళీ వేరు పట్టేస్తుంది.