చంద్రోదయం దగ్గర గీత పడింది, యాప్ తప్పా?

అంబాజీపేట_అబ్బాయి:
మా అమ్మ ప్రతి నెలా సంకటహర చవితి చేస్తుంది. చంద్రుణ్ణి చూశాకే భోజనం. ఆ టైమ్ చెప్పే డ్యూటీ నాది, అందుకని ఫోన్‌లో పంచాంగం యాప్ వేసుకున్నాను. నిన్న ఊరికే తేదీలు జరుపుతుంటే బహుళ అష్టమి ఉన్న మంగళవారం చంద్రోదయం గడిలో టైమ్ లేదు, అడ్డంగా ఒక గీత ఉంది. సోమవారం రాత్రి 11:35 అని మాత్రం ఉంది. మంగళవారం చంద్రుడు రాడా ఏంటి? ఇంకెవరికైనా ఇలా కనపడిందా?

రావులపాలెం_రాజా:
అంబాజీపేట, గీత అనేసరికి కల్లుగీత గురించనుకుని లోపలికొచ్చానండి. ఆయ్, నాకూ పోయిన నెల ఇలాగే కనపడింది. యాప్ పాడైందని తీసేసి ఇంకోటి వేశాను. దాంట్లోనూ గీతే.

కాకినాడ_మాస్టారు:
యాప్‌ది తప్పు కాదు బాబూ. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఎడం రోజుకి సుమారు 12 డిగ్రీలు మారుతుంది. మనం తిథి అనేది ఆ 12 డిగ్రీలనే. భూమి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి చంద్రుడు తూర్పుకి జరిగిపోయి ఉంటాడు, అతణ్ణి అందుకోవాలంటే ఇంకాస్త తిరగాలి. అందుకే ఒక చంద్రోదయానికీ తర్వాతి చంద్రోదయానికీ మధ్య సగటున 24 గంటల 50 నిమిషాలు. నీ సోమవారం రాత్రి 11:35కి ఆ 24 గంటల 50 నిమిషాలు కలిపి చూడు. 12:25 అవుతుంది, కానీ అప్పటికి బుధవారం వచ్చేసింది. మంగళవారం అనే తేదీకి చంద్రోదయం దక్కలేదు, అంతే. శుద్ధ అష్టమి దగ్గర చంద్రాస్తమయం గడి చూడు, అక్కడా ఇలాంటి గీతే ఉంటుంది.

అర్ధరాత్రి తేదీ మార్చుకునే లెక్కలో వచ్చే పేచీ ఇది. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఆ లెక్కన గీత అమావాస్య దగ్గర పడాలి, అప్పుడు చంద్రుడు ఎలాగూ కనపడడు కాబట్టి ఎవరూ అడగరు.

అమలాపురం_లక్ష్మి:
మాస్టారూ, మా నాయనమ్మకి యాప్ లేదు, వాచీ కూడా లేదు. తిథికి రెండు ఘడియలు అనేది. ఘడియ 24 నిమిషాలు కదా, రెండంటే 48. శుద్ధ చవితి అయితే నాలుగు రెళ్ళు ఎనిమిది ఘడియలు, అంటే పొద్దుగూకాక మూడు గంటల 12 నిమిషాలకి చంద్రుడు పడమట దిగిపోతాడు. బహుళ చవితికి సరిగ్గా అంతసేపటికి తూర్పున పొడుస్తాడు. వినాయక చవితి రాత్రి మమ్మల్ని తొమ్మిది దాటేదాకా వాకిట్లోకి రానిచ్చేది కాదు. సంకటహర చవితికేమో అదే తొమ్మిదింటికి అదే వాకిట్లో నిలబెట్టేది. రెండూ చవితులే, ఒకదానికి చూడకూడదు, ఇంకోదానికి చూస్తేనే అన్నం!

ఒక్క అట్లతద్దికే ఈ లెక్క కుదిరేది కాదు. మూడు రెళ్ళు ఆరు ఘడియలంటే ఎనిమిది దాటాలి. చంద్రుడేమో ఏడున్నర ప్రాంతంలోనే వచ్చేసేవాడు. అట్లు ఇంకా పెనం మీదే ఉండేవి.

కాకినాడ_మాస్టారు:
భలే దొరికిందమ్మా లెక్క! ఆ 50 నిమిషాలు సగటు మాత్రమే. ఆశ్వయుజ పున్నమి తర్వాత సాయంత్రాలు చంద్రుడి దారి తూర్పు దిక్చక్రానికి మిగతా నెలలకన్నా ఏటవాలుగా ఉంటుంది, అందుకని రోజురోజుకీ ఆలస్యం తక్కువ. చైత్రంలో దీనికి తలకిందులు, చవితి చంద్రుడు బాగా ఏడిపిస్తాడు.

హైదరాబాద్‌లో_గోదారమ్మాయి:
టీవీలో చెప్పే టైమ్ నమ్మకండి. ఒక ఛానెల్‌లో హైదరాబాద్ టైమ్ చెప్తే ముమ్మిడివరంలో మా అత్తయ్య పావుగంట అనవసరంగా ఆకలితో కూర్చుంది. మనవైపు తూర్పు కదా, చంద్రుడు ముందే వస్తాడు.

కాకినాడ_మాస్టారు:
నిజమే, కాకినాడకీ హైదరాబాద్‌కీ సుమారు 15 నిమిషాల తేడా. దేశమంతటికీ గడియారం దిద్దే 82.5 డిగ్రీల రేఖ మన కాకినాడ పక్కనుంచే వెళ్తుంది. లక్ష్మి గారి నాయనమ్మ లెక్క మాత్రం గడియారంతో కాదు, పొద్దుగూకడంతో మొదలవుతుంది కాబట్టి ఈ రేఖకి దూరంగా ఉన్న ఊళ్ళోనైనా అలాగే కుదురుతుంది.

అంతర్వేది_వల:
మా నాన్న చంద్రుడి టైమ్ ఎప్పుడూ అడగలేదు, పోటు చూస్తాడు. పాటుతో పడవ దింపి పోటుతో మొగలోకి రావడం మా పని. నిన్న పోటు ఆరింటికొస్తే ఇవాళ ఏడుకి పది నిమిషాలు తక్కువ. అదే 50 నిమిషాలు! ఇప్పుడు తెలిసింది అది ఎక్కడిదో. అమావాస్యకీ పున్నమికీ పెద్ద పోట్లు, కానీ అసలు ఉధృతం ఒకటి రెండు రోజులాగి, పాడ్యమి విదియల్లో. అష్టమికి నీళ్ళు పెద్దగా కదలవు. పండువెన్నెల్లో చేప వలని చూసేస్తుందని మావాళ్ళు అంటారు. ఆ రోజుల్లో వేట ఖర్చులు కూడా రావు, మా ఇంట్లో పున్నమి అంటే కాస్త మొహం ముడుచుకుంటారు.

భీమవరం_చెరువు:
మాదీ అంతేనండి. అమావాస్యకీ పున్నమికీ రొయ్య గుల్ల విడుస్తుందని మా లెక్క. ఆ రాత్రి మేత తగ్గిస్తాం, మినరల్స్ చల్లుతాం, ఏరియేటర్లు ఆపం. కరెంటు పోయిందంటే ఇక టెన్షనే. చెక్‌ట్రే ఎత్తితే ఉల్లిపొర లాంటి ఖాళీ గుల్లలు వస్తాయి. చంద్రుణ్ణి చూసేంత తీరిక ఎక్కడిది.

అంబాజీపేట_అబ్బాయి:
అందరికీ థాంక్స్. నిన్న చవితి. యాప్ 9:04 అంది. అమ్మని మేడ మీదకి తీసుకెళ్ళాను, ఏమీ లేదు. చుట్టూ కొబ్బరి తోటలే కదా. 9:25 దాటాక పక్కవాళ్ళ చెట్టు మట్టల సందులోంచి ఎర్రగా ఒక ముక్క కనపడింది. అమ్మ పళ్ళెం పట్టుకుని ఒక అడుగు ఇటు, ఒక అడుగు అటు జరుగుతూ పూర్తిగా ఎప్పుడు కనపడతాడా అని చూస్తోంది. మాస్టారూ, చెట్లకి ఎంత కలపాలి?

కాకినాడ_మాస్టారు:
చంద్రుడు నాలుగు నిమిషాలకి దాదాపు ఒక డిగ్రీ పైకొస్తాడు. చెట్ల తలలు అయిదు డిగ్రీల ఎత్తులో ఉంటే 20 నిమిషాలు. చెయ్యి చాపి మూడు వేళ్ళు దగ్గరగా పెట్టు, సుమారు అయిదు డిగ్రీలు అవే. గీత పడిన మంగళవారం తెల్లవారుజామున లేచి నెత్తి మీద చూడు, సోమవారం రాత్రి వచ్చినవాడు అక్కడే ఉంటాడు.

అంబాజీపేట_అబ్బాయి:
మూడు వేళ్ళ పైన ఇంకో వేలు పట్టిందండి మా మేడ మీద నుంచి. మంగళవారానికి అలారం పెట్టాను.