అప్‌డేట్: చెంగ్ ఫన్ రేకు చిరగడానికి కారణం దొరికింది

దక్షిణ చైనాలోని కాంటన్ టిఫిన్ చెంగ్ ఫన్ (బియ్యప్పిండి జారును పల్చటి రేకులా ఆవిరి మీద ఉడికించి చుట్టేది) చుడుతుంటే రేకు ముక్కలవుతోందని ఇదివరకు ఇక్కడ అడిగాను. పిండి మార్చమన్నవాళ్లదే కరెక్ట్, థాంక్స్. నేను వాడింది ఇడియాప్పం పిండి. అది ముందే వేయించినది, రేకు సాగదు.

ఇప్పుడు పచ్చి బియ్యప్పిండి 100 గ్రాములు, గోధుమ స్టార్చ్ (మామూలు గోధుమపిండి కాదు, అందులోంచి తీసిన పిండిపదార్థం) 20, కార్న్‌ఫ్లోర్ 15, నీళ్లు 350 మి.లీ., ఉప్పు, చెంచా నూనె. అరగంట నానాలి. పిండి గిన్నె అడుగున సున్నంలా పేరుకుంటుంది, అందుకే ప్రతి గరిటెకూ అడుగు నుంచి కలపాలి. లేదంటే మొదటి రేకులు చిరుగుతాయి, చివరివి అట్టముక్కలు.

నూనె రాసిన ట్రేలో పల్చగా పోసి, బాగా మరుగుతున్న ఆవిరి మీద 2-3 నిమిషాలు. రేకు బుడగలా ఉబ్బగానే తీసి, నిమిషం ఆగి గీకితే చుట్టుకుంటూ వచ్చేస్తుంది.

నాన్‌స్టిక్ ట్రే కొనడం మాత్రం దండగే. పాత స్టీలు పళ్లెం చాలు.